లేస్ ముందు కొనండి, గుడ్డ తర్వాత

మీరు అడిగింది ఇదీ: చెన్నైలో ఉంటున్నారు. 1950ల నాటి పద్ధతిలో, నడుము దగ్గర బిగువుగా ఉండి కింద గొడుగులా విచ్చుకునే కాటన్ ఫ్రాక్ కుట్టించుకోవాలి. దానికి మ్యాచింగ్ లేస్ షాల్ కావాలి. గుడ్డ ఎంత పడుతుంది, రెండూ ఒకే తెలుపులో ఎలా కుదురుతాయి అని.

చాలామంది ముందు ఫ్రాక్ గుడ్డ కొని, ఆ ముక్క పట్టుకుని లేస్ కోసం షావుకారుపేట అంతా తిరుగుతారు. తేడా అక్కడే కొడుతుంది. అక్కడి గోడౌన్ స్ట్రీట్‌లో కేంబ్రిక్, పాప్లిన్, వాయిల్ లాంటి కాటన్ గుడ్డలు ఏ ఛాయలో అడిగినా తీస్తారు. నూలు లేస్ మాత్రం రెండు మూడు తెలుపుల్లోనే ఉంటుంది: కోరా (తెలుపు చేయని నూలు సహజ రంగు), మీగడ రంగు, పాల తెలుపు. పాల తెలుపులో మెరుపు కోసం వేసే మందు వల్ల అది ఎండలో కాస్త నీలంగా కొడుతుంది. దాని పక్కన కోరా పెడితే మాసిన గుడ్డలా కనిపిస్తుంది. దుకాణం లైట్ల కింద రెండూ ఒకటే అనిపిస్తాయి కాబట్టి, లేస్ ముక్కను గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుగులో గుడ్డ మీద పరిచి చూడండి.

‘కాటన్ లేసేనండీ’ అన్న మాట ఒక్కటే నమ్మకండి. జీపీఓ లేస్ అని అమ్మే ఉబ్బు పువ్వుల రకం (గిప్యూర్ అన్న పేరే నోళ్లలో నలిగి జీపీఓ అయింది, తపాలా ఆఫీసుతో సంబంధం లేదు) చాలావరకు పాలిస్టరే. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే నూలు. కరిగి పూసలా గట్టిపడితే పాలిస్టరో నైలానో. రేయాన్ కూడా నూలులాగే కాలుతుంది, కానీ నూలు రంగులు దానికీ పడతాయి, కాబట్టి ఫర్వాలేదు. ఊరికి వెళ్లే పని ఉంటే నర్సాపురం, పాలకొల్లు వైపు చేత్తో అల్లే క్రోషా లేస్ చూడండి. బరువుగా ఉంటుంది, కాటన్ ఫ్రాక్ మీద అదే నిండుగా కనిపిస్తుంది.

షాల్ 72 అంగుళాల పొడవు, 20 అంగుళాల వెడల్పు అనుకుందాం. చుట్టుకొలత 184 అంగుళాలు, అంటే దాదాపు 4.7 మీటర్లు. ఒక్కో మూలకి 3 అంగుళాలు, తడిస్తే కుంచించుకుపోయేదీ కలుపుకుని అంచు లేస్ 5.5 మీటర్లు తీసుకోండి. షాల్ గుడ్డనీ, అంచు లేస్‌నీ విడివిడిగా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాకే కుట్టాలి. ఈ పని మానేస్తే మొదటి ఉతుకులోనే లేస్ కుంచించుకుని అంచంతా కుచ్చుల్లా ముడుచుకుంటుంది. మూల దగ్గర లేస్‌ను లాగి తిప్పినా అంతే, గిన్నెలా పైకి లేస్తుంది. అక్కడ వదులుగా చిన్న కుచ్చు పెట్టి తిప్పాలి. మిషన్‌కి 11వ నంబరు సూది వేయమని టైలర్‌కి చెప్పండి. చాలా టైలర్ దుకాణాల్లో 16 సూదితోనే అన్నీ లాగించేస్తారు, అది లేస్ పోగులు తెంపుతుంది. లేస్ మిషన్ పళ్లలో ఇరుక్కుంటుంటే కింద పల్చటి తెల్ల కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయాలి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

తెలుపు ఎంతకీ కలవకపోతే షాల్‌కి రంగు వేయడమే మేలు. మీగడ ఛాయ చాలనుకుంటే టీ డికాక్షన్ సరిపోతుంది, కానీ బోరు నీళ్లు వాడకండి. అందులో ఇనుము ఉంటే టీలోని వగరుతో కలిసి షాల్ బూడిద రంగుకి తిరుగుతుంది. ఇనప గిన్నె కూడా వద్దు. నిలిచే రంగు కావాలంటే చల్లనీళ్ల రియాక్టివ్ డై (నూలు పోగుతో కలిసిపోయే రంగు) తీసుకోండి. 200 గ్రాముల షాల్‌కి 4 లీటర్ల నీళ్లు, 200 గ్రాముల ఉప్పు, లేత ఛాయకి 2 గ్రాముల రంగు. తడి షాల్‌ని అందులో 20 నిమిషాలు కదుపుతూ ఉంచి, తీసి, 60 గ్రాముల సోడా యాష్ వేడినీళ్లలో కరిగించి కలిపి, మళ్లీ ముంచి గంటసేపు ఉంచాలి. వంటసోడా పనికిరాదు. ముందే కుట్టిన షాల్‌కి రంగు వేస్తే పాలిస్టర్ దారం తెల్లగానే మిగిలి కుట్టంతా బయటపడుతుంది.

ఇక ఫ్రాక్. 44 అంగుళాల పన్నా గుడ్డలో 30 అంగుళాల నడుముకి, పిక్కల దాకా పూర్తి అంబ్రెల్లా కట్‌కి స్కర్టు ఒక్కటే 3.5 మీటర్లు తింటుంది. పై భాగం, పొట్టి చేతులు మరో మీటరు. తడిపితే 3 నుంచి 5 శాతం తగ్గుతుంది కాబట్టి 5 మీటర్లు కొనండి. అంత అక్కర్లేదనుకుంటే కుచ్చుల స్కర్టుకి 2 పన్నాలు చాలు, మొత్తం 3 మీటర్లలో అయిపోతుంది. కేంబ్రిక్‌లో 3 పన్నాలు వేస్తే నడుము దగ్గర మూటలా లావుగా కనిపిస్తుంది.

మన టైలర్ల చేయి జాకెట్టుకీ చుడీదారుకీ అలవాటుపడింది, కాబట్టి నడుము కొలత దగ్గర పక్కనే నిలబడండి. ఈ ఫ్రాక్‌కి నడుమంటే మొలతాడు ఉండే చోటు కాదు. పక్కకి వంగితే మడత పడే చోటు, అంటే దానికి పైన. అక్కడ దారం కట్టుకుని వెళితే వాదన ఉండదు. ఛాతీకి 2 అంగుళాలు, నడుముకి 1 అంగుళం వదులు చాలు. ప్రిన్సెస్ కట్ (ఛాతీ మీదుగా నడుము దాకా దిగే నిలువు కుట్లు), ఎడమ పక్క 14 అంగుళాల కన్సీల్ జిప్ (బయటికి కనిపించని జిప్), పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదలమని చెప్పండి. నడుము జాయింటులో లోపలివైపు నూలు నాడా వేసి కుట్టించండి. లేకపోతే స్కర్టు బరువుకి జాయింటు సాగి నడుము కిందికి జారుతుంది. అంచు మడిచే ముందు స్కర్టుని రెండు రోజులు హ్యాంగర్‌కి వేలాడదీయాలి, ఏటవాలు పోగు ఒక్కోచోట ఒక్కోలా దిగుతుంది. ఆత్రపడి ముందే మడిస్తే వారానికే అంచు వంకరపోతుంది.

లైనింగ్ పై భాగానికి మాత్రం, పల్చటి మెత్తటి మల్ గుడ్డతో. స్కర్టు ఉబ్బుగా నిలవడానికి లోపల వేసే బిరుసు క్యాన్‌క్యాన్ నెట్ ఈ ఉక్కపోతలో శిక్షే, కింద కుచ్చు పెట్టిన పాప్లిన్ లంగా చాలు.

ఉతికేటప్పుడు కోరా షాల్‌కి నీలిమందు, ఉజాలా తగలనివ్వకండి. స్కర్టుకి పల్చటి గంజి బాగుంటుంది, కానీ గంజితో దాచిన బట్టని వెండి పురుగు కొరుకుతుంది. లేస్‌ని తాడు మీద వేయకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. బోరు నీళ్ల పసుపు మరకలు పడితే బ్లీచింగ్ వేయకండి, తుప్పు మరక ఇంకా గట్టిపడుతుంది. నిమ్మరసం రాసి, అరగంటకి మంచినీళ్లతో జాడించండి.