పిల్లలతో కొండెక్కబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "విన్నావా, నీ మేనకోడలు పిల్లలిద్దర్నీ వెంటేసుకుని ట్రెక్‌కి వెళ్తుందట" అంది. ఆ గొంతులో సగం ఫిర్యాదు, సగం "అంతా నీ పోలికే" అన్న ఎత్తిపొడుపు. నాకు మాత్రం ముందు ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ దాటేస్తావు. ఉత్తరమైతే బ్యాగు సర్దుకునేటప్పుడైనా ఓసారి చూస్తావని ఆశ.

ముందు తేలికైనవి. కొత్త బూట్లతో బయల్దేరకండి, రెండు మూడు వారాల ముందు నుంచే పిల్లలకి తొడిగి తిప్పు. నూలు సాక్సులు తడిస్తే ఓ పట్టాన ఆరవు, కాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఉన్నివో సింథటిక్‌వో కొను. దాహం అనేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగించు. వాగు ఎంత తేటగా కనబడినా ఆ నీళ్ళు మరిగించాకే పట్టు. ఎండ చల్లగా ఉందని మోసపోవద్దు. ప్రతి వెయ్యి మీటర్లకీ అతినీలలోహిత కిరణాలు పది పన్నెండు శాతం పెరుగుతాయి, కాబట్టి టోపీ, చలువ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ ఉండాల్సిందే. పెద్దాడు తన బ్యాగు తనే మోస్తానంటాడు. మొయ్యనీ, కానీ వాడి బరువులో పదో వంతు దాటనివ్వకు. పాతిక కిలోల పిల్లాడికి రెండున్నర కిలోలు. అందులో వాడి రెయిన్‌కోట్, నీళ్ళ సీసా, విజిల్, వాడు ఎంచుకున్న ఒక బొమ్మ. ఆ బొమ్మ దగ్గర మాత్రం బేరాలాడకు.

మీ అమ్మ నీ ప్లాన్ నాకు పంపింది. రెండో రోజు 8 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు, పక్కన "3 గంటలు" అని రాశావు. ఎవరికమ్మా మూడు గంటలు? 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. సుమారు ఐదు కిలోమీటర్లకి ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. ఆ ప్రకారం రెండు గంటల నలభై నిమిషాల లోపే వస్తుంది. నీ మూడు గంటలు అక్కణ్ణుంచే ఊడిపడ్డాయని నాకు తెలుసు. కానీ అది ఆగకుండా నడిచే గట్టి మనుషుల లెక్క. నాలుగేళ్ళ చిన్నదానితో రెట్టింపు వేసుకో, ఐదు గంటల పైనే. అది ప్రతి రాయినీ ఎత్తి కింద ఏముందో చూస్తుంది, గొంగళి పురుగు కనబడితే అది రోడ్డు దాటేదాకా కదలదు. "పద పద" అంటూ లాక్కెళ్ళడానికైతే దాన్ని అంత దూరం తీసుకెళ్ళడం ఎందుకు? అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు నడవనీ. వెనకాల మీరిద్దరిలో ఒకరు తప్పకుండా ఉండండి.

ఇంకో తప్పు కూడా దొరికింది. మొదటి రాత్రి 2,600 మీటర్ల దగ్గర పడుకుని, రెండో రాత్రికే 3,200కి వెళ్ళిపోతున్నారు. 2,500 మీటర్లు దాటితేనే ఎత్తు పడకపోవడం మొదలవ్వచ్చు. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెంచవద్దని పెద్దవాళ్ళకే చెబుతారు. మధ్యలో 2,900 దగ్గర ఇంకో రాత్రి ఆగండి. నాలుగు రోజులవుతుంది, అవనీ. చిన్నదానికి "తల నొప్పిగా ఉంది" అని చెప్పడం రాదు. ఊరికే చిరాకు పడుతుంది, తిండి వద్దంటుంది, ఆడుకోదు, రాత్రి నిద్రపోదు. కొండ మీద ఇవన్నీ కలిసి వస్తే "మారాం చేస్తోంది" అనుకోకు, ఎత్తు వల్లేననుకో. పైకి మాత్రం వెళ్ళొద్దు, తగ్గకపోతే దిగిపోవడమే మందు. పిల్లల డాక్టరుగార్ని ముందే కలిసి ఏ మందులు, ఎంత డోసు అని రాయించుకో. పెద్దవాళ్ళ మందుల పెట్టెలోంచి ఆస్పిరిన్ తీసి పిల్లలకి వేసే పని మాత్రం ఎప్పుడూ చెయ్యకు.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

నువ్వప్పటికి ఇంకా ఉయ్యాల్లోనే ఉన్నావు. మీ బావకి ఏడేళ్ళు. మీ అత్తయ్య, నేను, వాడు, ముగ్గురం క్యాంపు నుంచి శిఖరం చూసి సాయంత్రానికి తిరిగొచ్చేద్దామని బయల్దేరాం. పొద్దున ఆకాశం అద్దంలా ఉంది. బరువెందుకని వాడి రెయిన్‌కోట్ టెంటులోనే వదిలేశాను. వాడి ఒంటి మీద నూలు చొక్కా, జీన్స్ ప్యాంటు. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది, తర్వాత జల్లు. పెద్ద వాన కూడా కాదు. గట్టు మీదికి చేరేసరికి గాలి మొదలైంది. "వెనక్కి వెళ్దామండీ" అంది మీ అత్తయ్య. శిఖరం కళ్ళ ముందు కనబడుతోంది. "అరగంటే కదా" అన్నాను. పావుగంట తర్వాత ఆవిడ మళ్ళీ అదే అంది. మళ్ళీ నేనూ అదే అన్నాను.

అంతదాకా వాడు గోల చేస్తూనే ఉన్నాడు. చలేస్తోంది, కాళ్ళు నొప్పి, ఇంకెంత దూరం. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అని కసిరాను. కాసేపటికి గోల ఆగిపోయింది. నేను మీ అత్తయ్య వైపు తిరిగి ఏమన్నానో తెలుసా? "చూశావా, అలవాటు పడిపోయాడు" అన్నాను.

అమ్మలూ, ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న గర్వం నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

వాడు రెండుసార్లు తూలాడు. రాళ్ళు జారుతున్నాయనుకున్నాను. చాక్లెట్ చేతిలో పెడితే కాగితం విప్పలేక దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అంతకుముందు వణికినవాడు వణకడం మానేశాడు. నా బుర్రకి అది చలి తగ్గినట్టు తోచింది. "ఏం నాన్నా" అని అడిగితే నాలుక మందంగా, సంబంధం లేని మాటేదో అన్నాడు. అప్పుడు పై నుంచి దిగుతున్న ఒకావిడ మా దగ్గరికొచ్చి ఆగింది. వాడి మొహంలోకి ఒక్కసారి చూసి, బ్యాగు కింద పడేసి, నన్ను అడగనైనా అడక్కుండా వాడి తడి బట్టలు విప్పడం మొదలుపెట్టింది. వాణ్ణి పెద్ద బండ చాటుకి, గాలి తగలని చోటుకి లాగింది. నేల చలి తగలకుండా తన బ్యాగు మీద కూర్చోబెట్టింది. తన పొడి స్వెటర్ తొడిగింది, తలకి ఎర్ర ఉన్ని టోపీ పెట్టింది. నేను కంగారుగా వాడి చేతులు, కాళ్ళు రుద్దుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "రుద్దకండి. మీ చొక్కా గుండీలు విప్పి వాణ్ణి లోపల పెట్టుకోండి" అంది. అలాగే చేశాను. నా ఛాతీకి ఐస్ ముక్క ఆనినట్టు అనిపించింది. పేరు అడిగితే వాడు సరిగ్గా చెప్పి, గుక్క మింగగలుగుతున్నాడని చూసుకున్నాకే ఫ్లాస్కులోని వేడి తీపి నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించింది. ఎంతసేపు పట్టిందో తెలీదు. వాడు మళ్ళీ వణకడం మొదలుపెట్టాడు, తర్వాత ఏడ్చాడు. అంత కమ్మటి ఏడుపు నేను జన్మలో వినలేదు.

దాన్ని హైపోథెర్మియా అంటారని తర్వాత తెలిసింది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే కిందికి పడిపోవడం. దానికి మంచు కురవక్కర్లేదు. తడి బట్టలు, గాలి, అలసట, ఖాళీ కడుపు, ఇవి చాలు. పిల్లల ఒళ్ళు చిన్నది, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ. అందుకే మనకంటే త్వరగా చల్లబడతారు. మనం ఎక్కుతూ చెమటలు కక్కుతుంటాం, వాళ్ళకీ అలాగే ఉందనుకుంటాం. ముదిరేకొద్దీ వణుకు ఆగిపోతుంది, తిక్కగా మాట్లాడతారు, చివరికి ఏమీ అడగరు. గోల చేసే పిల్లల్ని చూసి జనం భయపడతారు గానీ, నడకలో ఊరుకున్న పిల్లల్ని చూస్తే నాకు భయం. మీ వాళ్ళు వాగుతుంటే వాగనీ, పాడుతుంటే పాడనీ, పోట్లాడుకున్నా సంతోషమే. ఇద్దరిలో ఎవరైనా చప్పబడితే అక్కడే ఆగి మెడ వెనక, పొట్ట మీద చెయ్యి పెట్టి చూడు. నాకోసం ఇది ఒక్కటి చెయ్యి.

ఆ రోజు కిందికి దిగేటప్పుడు మీ అత్తయ్య వాడి చెయ్యి పట్టుకుని ముందు నడిచింది, నేను వెనక. ఒక్క మాట అనలేదు. రెండు రోజులు అనలేదు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది. ఆ శిఖరం నేనిప్పటికీ ఎక్కలేదు.

అందుకే నీకు కొన్ని షరతులు. వాతావరణం ఎంత బాగున్నా రెయిన్‌కోట్లు బ్యాగులో ఉండి తీరాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీల చలి పెరుగుతుంది, కింద ఉన్న ఎండని చూసి సర్దుకోకు. ఒక్కో పిల్లకీ ఒక జత పొడి బట్టలు, సాక్సులు, టోపీతో సహా, ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉంచు. రాత్రి పడుకోవడానికని కూడా దాన్ని విప్పొద్దు. చిన్నదాన్ని అల్లుడుగారు క్యారియర్‌లో వీపున మోస్తారని విన్నాను. మోసేవాడికి చెమట పడుతుంది, కూర్చున్నదానికి చలేస్తుంది. వేలాడే కాళ్ళకి రక్తం సరిగ్గా అందదు. అరగంటకోసారి దింపి కాళ్ళు పట్టి చూసి, నాలుగడుగులు నడిపించమను.

వెనక్కి తిరిగే టైము ముందు రాత్రే అనుకోండి. పెద్దాడి చేతికి వాచీ కట్టి, "పన్నెండైతే మాకు చెప్పాల్సింది నువ్వే" అను. వాడిచ్చిన మాటని వాడే కాపాడుకుంటాడు, మన మొండితనం వాడి ముందు సాగదు. నలుగురిలో ఎవరు "వెనక్కి వెళ్దాం" అన్నా సరే, అదే ఆఖరి మాట. మధ్యాహ్నం దాటాక ఉరుములు మామూలే, కాబట్టి తెల్లారకముందే నడక మొదలుపెట్టండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లు లేవంటే, పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. గట్టు దిగిపోండి, ఒంటరి చెట్టు కిందికి మాత్రం వెళ్ళొద్దు.

తప్పిపోవడం గురించి కూడా పిల్లలకి చెప్పు. భయపెట్టకుండా ఆటలా చెప్పు. 1981లో కాలిఫోర్నియాలో పాలోమర్ కొండ మీద తొమ్మిదేళ్ళ పిల్లాడు తప్పిపోయి, వెతికేవాళ్ళు చేరేలోపే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత అక్కడ పిల్లలకి ఒక పాఠం నేర్పడం మొదలుపెట్టారు: దారి తప్పానని తెలియగానే ఒక చెట్టుని వాటేసుకుని అక్కడే ఉండాలి, కదలకూడదు. మీ పిల్లలకీ అదే నేర్పు. చెట్టు, విజిల్, మూడు ఊదులు, కాసేపు ఆగి మళ్ళీ మూడు. "అమ్మ తిట్టదు" అని కూడా చెప్పు. తిడతారన్న భయంతో పిలుపు వినబడినా దాక్కునే పిల్లలుంటారు.

ఇదంతా చదివి ప్రయాణం మానుకుంటావేమోనని ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. మానుకోకు తల్లీ. మొన్న మీ బావని అడిగాను, ఆ ట్రెక్‌లో నీకేం గుర్తుందిరా అని. చలి గుర్తులేదు. శిఖరం గుర్తులేదు. ముందు రోజు వాగులో రాళ్ళు పేర్చి కట్టిన ఆనకట్ట గుర్తుంది. సాయంత్రం దాకా కట్టాడు, నేను విసుక్కుంటూ గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. నీ ప్లాన్‌లో మూడో రోజు మధ్యాహ్నం ఖాళీగా ఉంది కదా, దాన్ని వాగుకి ఇచ్చెయ్. లోతు లేని చోటు చూసుకుని నువ్వూ కాళ్ళు తడుపుకో.

వెళ్ళే దారి, క్యాంపులు, గైడ్ ఫోన్ నంబరు, దిగొచ్చే రోజు, టైము ఒక కాగితం మీద రాసి నాకు పంపు. కిందికి దిగి సిగ్నల్ రాగానే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, మీ అత్తయ్య నిద్రపోదు.

ఈ ఉత్తరంతో పాటు ఎర్ర ఉన్ని టోపీ ఒకటి పంపుతున్నాను. ఆవిడ పేరు కూడా అడగలేదు ఆ రోజు, తిరిగిచ్చే దారీ లేకపోయింది. చిన్నదానికి వదులవుతుంది, అంచు రెండు మడతలు వెయ్యి.

మామయ్య