కిరాయి రావట్లేదని పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది:

‘నాది ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చే జీతం రూ.78,000. 2022లో హైదరాబాద్ మియాపూర్‌లో రూ.40 లక్షల హోమ్ లోన్‌తో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాను. ఈఎంఐ రూ.34,700. ఫ్లాట్‌ను రూ.22,000కు కిరాయికిచ్చాను. మెయింటెనెన్స్ రూ.2,500 కిరాయిదారే కట్టాలి. ఐదు నెలలుగా ఆయన కిరాయీ ఇవ్వట్లేదు, మెయింటెనెన్సూ కట్టట్లేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ఫోన్ చేస్తుంటే మెయింటెనెన్స్ నేనే కడుతున్నాను. 11 నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది. అడిగినప్పుడల్లా వచ్చే నెల అంటాడు. ఈమధ్య లక్ష ఇస్తే ఖాళీ చేస్తానంటున్నాడు. తీసుకున్న రెండు నెలల అడ్వాన్స్ రూ.44,000తో ఇంట్లోకి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కొన్నాం. క్రెడిట్ కార్డు బాకీ రూ.41,000కు చేరింది. ఇక్కడ మా ఇంటి కిరాయి రూ.13,000, ఇంటి ఖర్చు రూ.24,000, పిల్లల ఫీజులు నెలకు రూ.6,000, మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలనెలా పెట్టే పెట్టుబడి) రూ.5,000. ఫండ్లలో రూ.1.4 లక్షలు, 40 గ్రాముల బంగారం ఉన్నాయి. బ్యాంకు వాళ్లు మూడేళ్లకు 14 శాతం వడ్డీతో రూ.3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. ఏది తీసుకోమంటారు?’

రెండూ వద్దు. మీ ఉత్తరంలో ఇంత వివరంగా లెక్కలున్నాయి, కానీ వాటిని ఒక్కసారి కూడినట్టు లేదు. ఈఎంఐ, మీ కిరాయి, ఇంటి ఖర్చు, ఫీజులు కలిపి రూ.77,700. మీరు కడుతున్న మెయింటెనెన్స్‌తో రూ.80,200. సిప్ కూడా కలిపితే రూ.85,200. జీతం రూ.78,000. అంటే మీకు నెలకు తక్కువ పడుతున్నది రూ.7,200. ఐదు నెలలకు రూ.36,000. మీ కార్డు బాకీ రూ.41,000 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా? లోటు, దాని మీద వడ్డీ. అంతే.

ఆ రూ.7,200 గుంత పూడ్చడానికి రూ.3 లక్షల అప్పు చేస్తానంటున్నారు. 14 శాతంతో మూడేళ్లకు ఆ లోన్ ఈఎంఐ సుమారు రూ.10,250. కార్డు బాకీ తీరగా, కిరాయిదారుకు ఇవ్వగా చేతిలో మిగిలే డబ్బు నాలుగు రోజులు కనిపిస్తుంది. ఆ తర్వాత నెల లోటు రూ.7,200 కాదు, రూ.17,450. వాడు ఖాళీ చేసినా, కొత్తవాళ్లు వచ్చినా, ఈ పది వేలు మాత్రం 36 నెలలు వదలవు. మొత్తం వడ్డీ రూ.69,000 పైచిలుకు. అంటే మీ ఫ్లాట్ మూడు నెలల కిరాయి. ఇక రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నెలకు రూ.6,000 కడుతూ ఉంటారు, అసలు మూడు లక్షలూ అలాగే ఉంటుంది. తెలిసినవాళ్లు కదా అని నోటు రాసిస్తే, రేపు ఇంటికొచ్చి కూర్చునేదీ ఆ తెలిసినవాళ్లే. ఫోన్ యాప్‌లలో అప్పు గురించి మీరు అడగలేదు. అడగకపోవడమే మంచిది.

ముందు సిప్ ఆపండి. లోటు రూ.2,200కు దిగుతుంది. సిప్ ఆపితే పెనాల్టీ ఉండదు, పరువూ పోదు. ఫండ్లలో ఉన్న రూ.1.4 లక్షలు తీసేయండి. గత ఏడాదిలో కొన్న యూనిట్లపై ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు కోత), కొద్దిగా పన్ను పడొచ్చు. పడనివ్వండి. కార్డు మీద నెలకు 3.5 శాతం చొప్పున రూ.1,400 పైన వడ్డీ, దాని మీద మళ్లీ జీఎస్టీ కడుతూ, ఇంకోవైపు ఫండులో 12 శాతం వస్తుందని ఎదురుచూడటం ఏం లెక్క? ఆ డబ్బులో రూ.41,000తో కార్డు బాకీ మొత్తం తీర్చండి. మినిమమ్ డ్యూ కాదు, మొత్తం. మిగిలిన రూ.99,000 వేరే బ్యాంకు ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయండి, ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోకండి. నెలకు రూ.2,200 లోటు అందులోంచి తీసినా, కిరాయిదారు ఇంకో ఏడాది కదలకపోయినా ఖర్చయ్యేది రూ.26,400. లాయరు ఫీజు, కోర్టు ఖర్చులు పోను కూడా మీరు ఎవరి గడపా తొక్కక్కర్లేదు. అంతకు మించి అవసరం వస్తే బంగారం మీద బ్యాంకులో లోన్ తీసుకోండి. అదీ చివరి మాటగా. హోమ్ లోన్ ఈఎంఐ మాత్రం ఒక్క నెల కూడా బౌన్స్ కానివ్వకండి. కష్టమనిపిస్తే తేదీ దాటాక కాదు, ముందే బ్యాంకుకెళ్లి కాలపరిమితి పెంచమని అడగండి.

మీ ఉత్తరం ఇక్కడ ఇంత వివరంగా తీసుకోవడానికి కారణం వేరే ఉంది. కిరాయిని జీతంలా లెక్కేసుకుని ఇల్లు కొన్నవాళ్లు చాలామంది. ‘ఈఎంఐ ముప్పై నాలుగు, కిరాయి ఇరవై రెండు, చేతి నుంచి పన్నెండే కదా’ అనే లెక్క 12 నెలలూ నిజమైతేనే నిలబడుతుంది. కిరాయిదారు మంచివాడైనా వెళ్లిపోయాక కొత్తవాళ్లు దొరికేదాకా ఒక నెల ఖాళీ ఉంటుంది. పెయింట్లు వేయించాలి, గీజర్ మార్చాలి, బ్రోకర్‌కు ఇవ్వాలి. చెడ్డవాడైతే మీ సంగతే. కిరాయి మీద ఆధారపడిన ఈఎంఐ ఉన్నవాళ్లకు, ఇంటి ఖర్చుల కోసం పెట్టుకునే అత్యవసర నిధి కాకుండా ఆ ఫ్లాట్‌కంటూ ఇంకో నిధి ఉండాలి. ఆరు నెలల కిరాయి, మెయింటెనెన్స్, ఒకసారి పెయింట్లు, రిపేర్ల ఖర్చు. మీ లెక్కలో ఆరు నెలలకు రూ.1,47,000, పెయింట్లకు ఓ రూ.20,000, మొత్తం రూ.1,67,000. ఇది చేతిలో లేకుండా అద్దె కోసం ఇల్లు కొనడమంటే గొడుగు లేకుండా జులైలో బయల్దేరడమే.

అడ్వాన్స్ సంగతి కూడా అంతే. అది మీ డబ్బు కాదు, ఇవాళో రేపో తిరిగి ఇవ్వాల్సిన బాకీ. దాంతో ఫ్రిజ్ కొన్నారంటే కిరాయిదారు దగ్గర వడ్డీ లేని అప్పు చేసి కొన్నట్టు. ఈసారి ఆయనే మీకు ఎక్కువ బాకీ పడ్డాడు కాబట్టి బయటపడ్డారు. బుద్ధిగా కిరాయి కట్టిన మనిషి నెల ముందు చెప్పి ఖాళీ చేస్తే, ఆ రూ.44,000 కోసం మళ్లీ కార్డే గీకేవారు.

ఇప్పుడు ఆయన అడుగుతున్న లక్ష. ఒక్క రూపాయి ముందుగా ఇవ్వకండి. ఐదు నెలల కిరాయి రూ.1,10,000, మెయింటెనెన్స్ రూ.12,500, మొత్తం రూ.1,22,500 ఆయనే మీకివ్వాలి. అడ్వాన్స్ తీసేస్తే రూ.78,500. ఆయన ఉన్న ప్రతి నెలా మీకు పోతున్నది రూ.24,500. అందుకని పదిహేను రోజుల్లో తాళంచెవి ఇస్తే ఆ రూ.78,500 వదులుకోవడం నష్టమేమీ కాదు. మూడు నెలల చిల్లర కిరాయి అది. కోర్టులో అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. మనసొప్పకపోవచ్చు, లెక్క మాత్రం ఒప్పుకుంటుంది. మరీ పట్టుబడితే సామాను వెళ్లే రోజు లారీ కిరాయి మీరు నేరుగా లారీవాడికి ఇవ్వండి. ఆయన చేతికి కాదు. తాళంచెవులు తీసుకుని, గదులు చూసుకుని, కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీశాకే ‘బాకీ లేదు’ అని సంతకం పెట్టండి. కరెంటు బకాయి సర్వీస్ నంబర్ మీదే ఉండిపోతుంది, మనిషి వెంట వెళ్లదు.

ఈ ఒప్పందాన్ని నోటిమాటగా వదిలేయకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే రాజీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకుని లోక్ అదాలత్‌లో సంతకాలు చేస్తే అక్కడిచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కోర్టు ఫీజు ఉండదు. మాట తప్పితే కేసు మొదటి నుంచి నడపక్కర్లేదు, నేరుగా అమలుకు వెళ్లొచ్చు.

రాజీ మాటలు సాగుతున్నా ఖాళీ చేయమనే నోటీసు ఆపొద్దు. హైదరాబాద్‌లో నెల కిరాయి రూ.3,500 దాటిన ఇళ్లకు అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. మీది సివిల్ కోర్టులో ఖాళీ చేయించే దావా అవుతుంది. దానికి ముందు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. లాయరు చేత రాయించి, చేరినట్టు రుజువు దొరికేలా పోస్టులో పంపండి. ఎన్ని నెలల బకాయి, ఎంత, ఏ తేదీకి ఖాళీ చేయాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. నోటీసు ఇచ్చాక ఆయన ఉన్నట్టుండి రూ.10,000 ఫోన్‌పేలో వేస్తే సంబరపడి ‘కిరాయి అందింది’ అని మెసేజ్ పెట్టకండి. కొత్త కిరాయి తీసుకుంటే నోటీసును మీరే వదులుకున్నారని కోర్టులో వాదిస్తారు. ‘పాత బకాయి కింద జమ, నోటీసు యథాతథం’ అని వెంటనే రాతలో చెప్పండి. దావా వేసినప్పుడు, కేసు తేలేదాకా నెలనెలా కిరాయి కోర్టులో జమ చేయించమని లాయరుతో దరఖాస్తు పెట్టించండి. చాలామంది ఈ ఒక్క పని మర్చిపోతారు. ఊరికే ఉండొచ్చనే ధీమా పోతే సగంమంది అక్కడే రాజీకొస్తారు. బకాయి వసూలుకు దావా వేయడానికి మూడేళ్ల గడువుంది. కాబట్టి ఆ తొందరలో అప్పు చేయాల్సిన పని లేదు.

కోపంలో తాళం మార్చడం, నీళ్లు ఆపడం, ఫ్యూజ్ పీకడం చేయకండి. చట్టప్రకారం కాకుండా బయటికి పంపితే, ఆరు నెలల్లోపు దావా వేసి ఆయన మళ్లీ ఇంట్లోకి రావచ్చు. అప్పుడు బాకీ ఆయనదే అయినా కోర్టు మెట్లెక్కే ప్రతివాది మీరవుతారు.

ఇంటి బీమా కిరాయి ఎగవేతకు పనికిరాదు. భారత్ గృహ రక్ష లాంటి పాలసీల్లో అద్దె నష్టం అనే మాట ఉంటుంది గానీ, అది అగ్నిప్రమాదం, వరద లాంటి వాటితో ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోయినప్పుడే. ఆదాయపు పన్ను రిటర్నులో ఈ ఐదు నెలల కిరాయిని ఆదాయంగా చూపక్కర్లేదు. కానీ ఖాళీ చేయించడానికి, వసూలుకు ప్రయత్నించినట్టు రుజువుండాలి. నోటీసు కాపీ అందుకూ పనికొస్తుంది.

కొత్త కిరాయిదారు వచ్చాక అడ్వాన్స్ వచ్చిన రోజే ఎఫ్‌డీ చేయండి. కిరాయి మొదలైతే మీ చేతిలో నెలకు రూ.22,300 మిగులుతుంది. ఎనిమిది నెలలు అది మొత్తం ఫ్లాట్ నిధికే. సిప్ ఆ తర్వాత. ఇంకోటి: అడ్వాన్స్ రెండు నెలలదే కాబట్టి, రెండో నెల కిరాయి తప్పిన రోజే నోటీసు వెళ్లాలి. మూడో నెల నుంచి ఆయన ఉంటున్నది మీ జేబు ఖర్చుతో. ఈసారి ఐదు నెలలు మీరు పంపింది వాట్సాప్ మెసేజ్‌లు మాత్రమే.