విజిర్ రిమోట్ ల్యాబ్: రెసిస్టర్ మార్చినా తరంగం మారకపోతే

విజిర్ అంటే దూరంగా ఉన్న అసలు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌ని ఇంటర్నెట్‌లో వాడుకునే ఏర్పాటు. అందులో రెసిస్టర్ మార్చినా స్కోప్ (తరంగాన్ని చూపే ఆసిలోస్కోప్) మీద అదే తరంగం ఉందంటే, మీరు చూస్తున్నది బహుశా పాత కొలతే. సర్క్యూట్ తప్పై ఉండకపోవచ్చు.

1. మార్పు చేశాక ‘పెర్ఫార్మ్ ఎక్స్‌పెరిమెంట్’ బటన్ నొక్కండి. చాలామంది వదిలేసేది ఇదే. తెర మీది బ్రెడ్‌బోర్డ్ (భాగాలు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) ఉత్త బొమ్మ. బటన్ నొక్కినప్పుడే అవతలి ల్యాబ్‌లో రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) కదిలి, అసలు రెసిస్టర్ సర్క్యూట్‌లో కలుస్తుంది, కొత్త కొలత మీకు వస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్చినా, ఆఖరికి స్కోప్ స్కేలు మార్చినా మళ్లీ నొక్కాల్సిందే. సిమ్యులేటర్‌కి అలవాటు పడ్డవాళ్లకి కాస్త చిరాకే!

2. నొక్కాక ఎర్రర్ వస్తే, ఆ సర్క్యూట్ మీ కోర్సుకి అనుమతించిన జాబితాలో లేకపోవచ్చు. విలువలు, కనెక్షన్లు ల్యాబ్ షీట్‌తో సరిచూసుకోండి. అవి సరిపోయినా ఎర్రర్ పోకపోతే, జాబితాలో చేర్చే విషయం మీ సారుకి చెప్పండి.