ఫంగస్ మందు కిడ్నీలను ఎందుకు దెబ్బతీస్తుంది?

పర్లాకిమిడి నుంచి అడిగారు: 2021లో బ్లాక్ ఫంగస్ వస్తే మా బాబాయికి బరంపురంలో ఆంఫోటెరిసిన్ ఎక్కించారు, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిపోయింది, ఎందుకని?

బాక్టీరియాలా కాదు, ఫంగస్ కణానికి మన కణంతో చాలా పోలికలు. చిక్కంతా అక్కడే. ఈ మందు ఫంగస్ కణం పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వులాంటి పదార్థాన్ని పట్టి బయటికి లాగేస్తుంది. మన కణాల పొరలో దాదాపు అలాంటిదే కొలెస్టరాల్ ఉంటుంది, కొంత దాన్నీ లాగుతుంది. ఆ దెబ్బ ఎక్కువగా కిడ్నీకే తగులుతుంది.

మందును సన్నని కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చే లైపోసోమల్ రకంలో హాని తక్కువే, కానీ ఆ ధర మామూలు కుటుంబం భరించలేదు. నాకు అసలు ఆశ కనిపించేది ఏఎమ్-2-19 అనే కొత్త మందులో. 2023లో అమెరికా పరిశోధకులు ఆంఫోటెరిసిన్ అణువునే మార్చి, కొలెస్టరాల్ జోలికి పోకుండా చేశారు. ఎలుకల్లో కిడ్నీ దెబ్బతినలేదు. మనుషుల్లో పరీక్షలు మొదలయ్యాయి. ఈలోగా పాత మందు ఎక్కించేటప్పుడు ముందుగా సెలైన్ పెట్టారా, పొటాషియం చూస్తున్నారా అని డాక్టర్‌ని తప్పకుండా అడగండి.