గ్రీకు తత్వం చదవబోతున్న మేనకోడలికి

చి.సౌ. మేనకోడలికి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. గ్రీకు తత్వానికీ పాశ్చాత్య మతాలకీ ఉన్న చుట్టరికం చదవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటావు అని అడిగావు. ఏళ్ల తరబడి ఈ పాఠమే చెప్పాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. తొలి గ్రీకు తత్వవేత్తగా చెప్పే థేల్స్‌తో మొదలయ్యే లావుపాటి చరిత్ర పుస్తకం మాత్రం ఇప్పుడే పట్టుకోకు. పేర్లూ తేదీలూ బుర్రలో పోగుపడతాయి గానీ, అసలు తగువు దేని గురించో తెలియకుండానే సెమిస్టర్ గడిచిపోతుంది.

ముందు ప్లేటో రాసిన 'యూథిఫ్రో' చదువు. చిన్నదే, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. క్రీ.పూ. 399లో సోక్రటీస్ మీద కేసు పడింది. నగరం కొలిచే దేవుళ్లను ఒప్పుకోడు, కొత్త దైవాలను తెస్తున్నాడు, కుర్రాళ్లను చెడగొడుతున్నాడు అని. ఆ పని మీద అధికారి కచేరీకి వచ్చినప్పుడు యూథిఫ్రో ఎదురవుతాడు. అతను వచ్చింది కన్నతండ్రి మీదే హత్యానేరం మోపడానికి. నాక్సోస్ దీవిలో వాళ్ల దగ్గర పనిచేసే కూలివాడొకడు తాగిన మత్తులో ఇంటి బానిసను చంపాడు. తండ్రి ఆ కూలివాడి కాళ్లూ చేతులూ కట్టి గోతిలో పడేసి, ఏం చెయ్యాలో ధర్మం తెలిసినవాళ్లను అడిగి రమ్మని ఏథెన్స్‌కి మనిషిని పంపాడు. కబురు వచ్చేలోగా కూలివాడు చలికీ ఆకలికీ చచ్చిపోయాడు. తండ్రి మీద కేసు వెయ్యడమే దైవభక్తి అంటాడు యూథిఫ్రో. గ్రీకు దేవుళ్ల రాజు జ్యూస్ కూడా తన తండ్రిని సంకెళ్లలో పెట్టాడు కదా అని దృష్టాంతం చూపిస్తాడు.

అప్పుడు సోక్రటీస్ అడుగుతాడు: దేవుళ్లు ఇష్టపడతారు కాబట్టి ఒక పని పుణ్యమవుతుందా, పుణ్యం కాబట్టే దేవుళ్లు ఇష్టపడతారా? అక్కడ పుస్తకం మూసి, నీ జవాబు నువ్వు రాసుకో. ఆ తర్వాతే ముందుకి వెళ్లు. ఎందుకంటే ఈ ప్రశ్న ఏథెన్స్‌తో ఆగిపోలేదు. ఇస్లాంలో ముతజిలీలు అనే పండితవర్గం వాళ్లు మంచీ చెడూ మనిషి బుద్ధికి అందుతాయన్నారు. దేవుడు ఆజ్ఞాపించడం వల్లే మంచి మంచి అయిందన్నారు వాళ్లకు ఎదురునిలిచిన అష్అరీలు. క్రైస్తవుల్లోనూ ఇదే చీలిక వచ్చింది. యూథిఫ్రో మాత్రం పనుందంటూ జారుకుంటాడు.

తర్వాత అరిస్టాటిల్ 'మెటాఫిజిక్స్' పన్నెండో భాగం. అన్నిటినీ కదిలిస్తూ తాను కదలని మూలం గురించి అందులో ఉంది. నువ్వు చర్చిలో విన్న దేవుడిని ఇందులో వెతక్కు. ఈ దేవుడు ప్రపంచాన్ని సృష్టించలేదు, ప్రార్థన వినడు. తనను గురించే తాను ఆలోచించుకుంటూ ఉంటాడు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఆ చిక్కు కళ్లకు కట్టాలంటే బైబిల్ తెరిచి అపొస్తలుల కార్యములు పదిహేడో అధ్యాయం చదువు. దీన్ని చాలామంది గబగబా దాటేస్తారు, నాకు బాధేస్తుంది. క్రీస్తు సువార్త చెబుతూ తిరిగే పౌలు ఏథెన్స్ వస్తాడు. స్టోయిక్కులూ ఎపిక్యూరియన్లూ అనే రెండు తత్వశాఖల వాళ్లు అతనితో వాదించి, అరేయొపగు సభకు తీసుకెళతారు. ఊళ్లో 'తెలియబడని దేవునికి' అని రాసిన బలిపీఠం చూశానంటూ మొదలుపెడతాడు పౌలు. మనం దేవుని సంతానమని మీ కవులే అన్నారు కదా అంటాడు. ఆ మాట అరటస్ అనే కవిది, నక్షత్రాల మీద రాసిన కావ్యంలోది, అక్కడ చెప్పింది జ్యూస్ గురించి! ఇంతవరకూ స్టోయిక్కులు తలూపే మాటలే. దేవుడు ఒకణ్ణి మృతుల్లోంచి లేపాడు అనేసరికి కొందరు ఎగతాళి చేశారు. ప్లేటో దారిలో నడిచినవాళ్లకు ఆత్మ శరీరాన్ని వదిలించుకోవడమే విముక్తి. ఎపిక్యూరియన్లకైతే దేహంతోపాటు ఆత్మా పోతుంది. దేహం మళ్లీ లేవడం ఇద్దరికీ మింగుడుపడదు. కలిసిన చోటూ, కలవని చోటూ రెండూ ఒక్క పేజీలో దొరుకుతాయి.

నా సలహా అంతా ఇంతే తల్లీ: ఏది గ్రీకుల నుంచి తీసుకున్నారన్నది ఒక్కటే చూడకు, ఏది వద్దన్నారో కూడా రాసుకో. నోటుబుక్కులో ఎడమ పేజీ ఒకదానికి, కుడి పేజీ రెండోదానికి. క్రైస్తవ గురువు అగస్టీన్ 'కన్ఫెషన్స్' ఏడో భాగంలో ఈ పని తానే చేసి చూపించాడు. 386 ప్రాంతంలో మిలాన్‌లో ప్లేటో వారసుల పుస్తకాలు చదివాడు. ఆదియందు వాక్యముండెను అనే భావం వాటిలో కనిపించిందట. ఆ వాక్యం శరీరం దాల్చింది అన్నది మాత్రం కనిపించలేదట.

తొలినాటి క్రైస్తవ రచయితలిద్దరిని, సోక్రటీస్ లాంటివాళ్లను క్రైస్తవులనే అనాలన్న జస్టిన్‌నీ, ఏథెన్స్‌కీ యెరూషలేముకీ, అంటే తత్వానికీ విశ్వాసానికీ, ఏం సంబంధమని నిలదీసిన టెర్టూలియన్‌నీ పక్కపక్కన చదువు. వాళ్ల మీద ఎక్కువ రోజులు పెట్టక్కర్లేదు.

తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ మాత్రం వదలొద్దు. హునయిన్ ఇబ్న్ ఇస్‌హాక్ బృందం గ్రీకు గ్రంథాలను సిరియాక్, అరబిక్ భాషల్లోకి తెచ్చింది. కొర్డోబాలో పుట్టిన ఇబ్న్ రుష్ద్ అరిస్టాటిల్‌కి వ్యాఖ్యానాలు రాశాడు. ప్రపంచానికి మొదలే లేదన్న అరిస్టాటిల్ మాట, దేవుడే ప్రపంచాన్ని సృష్టించాడని నమ్మే ముస్లింలకూ యూదులకూ క్రైస్తవులకూ టెన్షన్ పెట్టింది. మొదలుందో లేదో బుద్ధితో తేల్చలేం, విశ్వాసంతో తెలుసుకోవలసిందే అన్నాడు పదమూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఆక్వినాస్. ఆయన పోయిన మూడేళ్లకు, 1277లో, పారిస్ బిషప్ ఇలాంటి వాదాలున్న 219 ప్రతిపాదనలను నిషేధించాడు. ఈ కథ పడమటి వాళ్లది మాత్రమే అనుకుంటే సగం తెలియకుండా పోతుంది.

ఇంకొక మాట. ప్లేటో వారసుల్లో ఒకడైన ప్లోటినస్ దగ్గరికి వచ్చేసరికి "ఇది మన అద్వైతమే" అనాలనిపిస్తుంది. పోలిక చూడు, తప్పులేదు; కానీ ముందు ఆయన్ని ఆయన మాటల్లో పూర్తిగా చదివాకే.

యూథిఫ్రో ప్రశ్నకు నీ జవాబు రాసి పంపు. అది చూశాక 'రిపబ్లిక్'లో ఏ భాగాలు చదవాలో చెబుతాను.

ప్రేమతో,
మావయ్య