నెమళ్ల కోచ్ వెళ్లిపోయిన బుధవారం

"అమెరికాలో చిన్న కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు పెద్ద జట్టును ఓడించగానే దాని కోచ్ పెద్ద కాలేజీకి వెళ్లిపోతున్నాడు. మా అబ్బాయి చదివే కాలేజీలోనూ ఈ ఏడాది అదే జరిగింది. ఇది నమ్మకద్రోహం కాదా?" అని అడిగారు మీరు. కాదు. 2022 మార్చిలో ఇదే ప్రశ్న నేనూ అడిగాను, మీకంటే ఎక్కువ కోపంతో అడిగాను. అందుకే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతున్నాను. జర్నల్ స్క్వేర్‌లో రైలు దిగి కెన్నెడీ బులెవార్డ్ వెంట నడిస్తే వచ్చే చిన్న కాలేజీ. మన పిల్లలు చాలామందే చదువుతారు. అయినా ఇంటి దగ్గర ఎవరికి పేరు చెప్పినా "ఎక్కడుంది? ఎప్పుడూ వినలేదే" అనేవారు. డాలస్‌లో ఉండే మా పెద్దనాన్న కొడుకైతే పండక్కి ఫోను చేసినప్పుడల్లా పేరున్న యూనివర్సిటీకి మారిపొమ్మని చెప్పేవాడు.

మా జట్టు పేరు నెమళ్లు. ఆ ఏడాది అమెరికా కాలేజీల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంటులో 15వ సీడ్, అంటే బలాన్ని బట్టి ఒక్కో విభాగంలో ఒకటి నుంచి పదహారు దాకా ఇచ్చే స్థానాల్లో చివరి నుంచి రెండోది. అంతకు ముందు ఆ టోర్నమెంటులో మూడుసార్లు ఆడి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మార్చి 17న రెండో సీడ్ కెంటకీని అదనపు సమయంలో 85-79తో ఓడించింది. రెండు రోజుల తర్వాత మర్రే స్టేట్‌ను ఓడించింది. న్యూజెర్సీ, న్యూయార్క్ నుంచి వచ్చిన నా కుర్రాళ్లు దేనికైనా భయపడతారనుకుంటున్నారా అని కోచ్ షహీన్ హాలోవే విలేకరులను ఎదురు ప్రశ్నించింది ఆ రాత్రే. ఆ తర్వాతి శుక్రవారం, మార్చి 25న, ఫిలడెల్ఫియాలో పర్డ్యూతో మ్యాచ్.

ఆ రాత్రి గురించి చెప్పకుండా నేను ముందుకు వెళ్లలేను. మేము నలుగురం ఒక బేస్‌మెంటులో ఉండేవాళ్లం. వరంగల్ కుర్రాడు, నెల్లూరు కుర్రాడు, కర్నూలు కుర్రాడు, నేను. ముగ్గురికీ క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. నేను మాత్రం డిగ్రీలో కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు పాయింట్ గార్డ్‌గా, అంటే బంతిని నడిపించేవాడిగా ఆడాను. అందుకని కిరాణా బిల్లు వెనక పెన్నుతో కోర్టు గీసి వాళ్లకు చెబుతున్నాను. పర్డ్యూ జట్టులో బుట్ట దగ్గర నిలబడి ఆడే సెంటర్ జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాలు. అతని మీదుగా ఎగిరి బంతిని ఆపడం మావాళ్ల వల్ల కాదు. కాబట్టి బంతి అతనికి అందాక కాదు, అందే లోపే ఏదైనా చేయాలి. అందాక కూడా పైకి చూడకూడదు, అతను బంతిని నడుము దాకా దించిన క్షణంలో పక్కనుంచి చెయ్యి వెయ్యాలి. మావాళ్లు ఆ రాత్రి పదే పదే ఆ పనే చేశారు. రెండో అర్ధభాగం సగానికి వచ్చేసరికి నెల్లూరు కుర్రాడు నాకంటే ముందే "దించాడు, దించాడు" అని అరవడం మొదలుపెట్టాడు. పొయ్యి మీద పప్పు కుక్కరు ఎన్ని కూతలు వేసిందో ఎవరూ లెక్కపెట్టలేదు. మాడిన వాసన గది నిండా కమ్మేశాక ఎవరో లేచి కట్టేశారు.

చివర్లో మూడు పాయింట్ల ఆధిక్యం. పర్డ్యూ గార్డ్ జేడెన్ ఐవీ ఆఖరి షాట్ వేశాడు, పడలేదు. 67-64. 15వ సీడ్ జట్టు ఆఖరి ఎనిమిదికి చేరడం ఆ టోర్నమెంటు చరిత్రలో అదే మొదటిసారి. పైకి వచ్చి చూస్తే కెన్నెడీ బులెవార్డ్ పొడవునా కార్ల హారన్లు. మర్నాడు న్యూవార్క్ అవెన్యూలో కూరగాయలు కొనడానికి వెళితే, నా చొక్కా మీద నెమలి బొమ్మ చూసి కొట్టు యజమాని "నీ కాలేజీయేనా?" అని అడిగి కొత్తిమీర కట్టకు డబ్బు తీసుకోలేదు. డాలస్ అన్నయ్య తనే ఫోను చేశాడు.

ఆదివారం నార్త్ కరోలినా చేతిలో 69-49తో ఓడిపోయాం. దానికి ఎవరూ బాధపడలేదు. బుధవారం, మార్చి 30న, హాలోవే సీటన్ హాల్ యూనివర్సిటీకి వెళ్లిపోతున్నాడని వార్త వచ్చింది. మా కాలేజీ నుంచి కారులో అరగంట దూరం కూడా లేదు. వారమైనా ఆగలేకపోయాడా అని నేను లైబ్రరీ బల్ల దగ్గర గట్టిగానే అనేశాను. నాతోపాటు అక్కడ పని చేసే కుర్రాడు పుట్టి పెరిగింది న్యూజెర్సీలోనే. అతను నా వైపు చూసి "ఆయన వెళుతున్నది తన ఇంటికి" అన్నాడు. హాలోవే ఆటగాడిగా పేరు తెచ్చుకున్నది సీటన్ హాల్‌లోనే అని నాకు అప్పటిదాకా తెలియదు. 2000 సంవత్సరంలో ఆరెగాన్ మీద ఆఖరి సెకన్లలో బుట్ట వేసి ఆ కాలేజీని గెలిపించింది ఆయనే. తర్వాత అక్కడే ఎనిమిదేళ్లు అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశాడు. ఆ కుర్చీ ఖాళీ అయినప్పుడు ఆయన వెళ్లకపోతేనే ఆశ్చర్యం.

ఆ కుర్చీ ఎలా ఖాళీ అయిందో కూడా చెప్పాలి, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. మేరీలాండ్ కోచ్ సీజన్ మధ్యలో తప్పుకున్నాడు. ఆ చోటుకు సీటన్ హాల్ నుంచి కెవిన్ విలార్డ్ వెళ్లాడు. విలార్డ్ చోటుకు హాలోవే. హాలోవే చోటుకు స్టాటెన్ ఐలాండ్‌లోని వాగ్నర్ కాలేజీ నుంచి బషీర్ మేసన్. ఈయన జెర్సీ సిటీ బిడ్డే. మేసన్ చోటుకు సీటన్ హాల్ అసిస్టెంట్ డొనాల్డ్ కోప్‌లాండ్. ఎక్కడో ఒక పెద్ద కాలేజీలో కదిలిన ఇటుక నాలుగు ఊళ్ల గోడలను కదిపింది. మేసన్ వాగ్నర్‌ను వదిలి మా దగ్గరికి వచ్చినప్పుడు మాలో ఎవరైనా దాన్ని ద్రోహం అన్నామా? అనలేదు, సంతోషించాం. మన దగ్గరికి వచ్చేవాడు యోగ్యుడు, మన దగ్గర నుంచి వెళ్లేవాడు ద్రోహి అనడం ఏ లెక్క?

అసలు బాధ వేరే చోట ఉంది. అది నాకు మా ఊరి నుంచే తెలుసు. మేము డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా మా పీడీ గారికి, అంటే ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్‌కు, బదిలీ అయింది. ఉదయం ఐదున్నరకు సైకిలు మీద వచ్చి, మట్టి కోర్టు మీద తనే నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి మమ్మల్ని ఆడించిన మనిషి. ఆయన వెళ్లడం తప్పు కాదు, ప్రభుత్వ ఉద్యోగం. కానీ వెళుతున్నట్లు మాకు ఎవరూ చెప్పలేదు. స్టోరు గది తాళం అటెండరు చేతిలో చూసినప్పుడు తెలిసింది. కొత్త పీడీ ఏడాది దాటినా రాలేదు. పదిమంది జట్టు నలుగురైంది. ఇంటర్ కాలేజియేట్ పోటీలకు పేర్లు పంపేవారే లేరు. జట్టును చంపేది కోచ్ వెళ్లడం కాదు, వెళ్లినవాడికీ రాబోయేవాడికీ మధ్య ఉండే ఖాళీ. ఇది నేను ఎవరితోనైనా వాదిస్తాను.

పర్డ్యూ మ్యాచ్ గురించి నేను పీడీ గారికి ఫోనులో గంటసేపు చెప్పాను. ఇప్పుడు పదవీ విరమణ చేసి రాజమండ్రిలో ఉంటున్నారు. అంతా విని "తర్వాత ఆ పిల్లలు ఏమయ్యారు బాబూ?" అని ఒక్క మాటే అడిగారు.

చెదిరిపోయారండీ. డగ్ ఈడర్ట్ బ్రయంట్‌కు, డారిల్ బ్యాంక్స్ సెయింట్ బోనవెంచర్‌కు, మాథ్యూ లీ మిస్సోరీ స్టేట్‌కు వెళ్లారు. మాలి దేశం నుంచి వచ్చిన కవలలు హసన్, ఫూసేనీ డ్రామే లాసాల్‌కు వెళ్లారు. కేసీ ఎన్‌డెఫో ఒక్కడు హాలోవే వెంట సీటన్ హాల్‌కు వెళ్లాడు. ఏప్రిల్ మొదటి వారంలో జట్టు కుర్రాడొకడు లైబ్రరీలో కూర్చుని ఉండగా చూశాను. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. అది కంపిస్తూ, అంగుళం అంగుళం జరుగుతూ బల్ల అంచుకు వస్తోంది. అతను దాన్ని మళ్లీ మధ్యకు జరిపాడు కానీ తీసి చూడలేదు. ఇరవై ఏళ్ల పిల్లవాడి మీద అంత నిర్ణయం పెట్టి అందరం వాడిది విశ్వాసమా కాదా అని మాట్లాడుకుంటున్నాం.

కుర్రాళ్లు కాలేజీలు మారుతున్నారని కోప్పడేవాళ్లకు ఒక మాట చెప్పాలి. 2021 వరకు కోచ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లవచ్చు, వెళ్లిన వెంటనే కొత్త చోట పని మొదలుపెట్టవచ్చు. ఆటగాడు మారితే మాత్రం సాధారణంగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. ఆ నిబంధన ఉన్నన్నాళ్లూ విశ్వాసం గురించి ఇంత చర్చ నేను వినలేదు. పిల్లలకూ అదే స్వేచ్ఛ వచ్చాకే ఆట పాడైపోయిందని గోల మొదలైంది.

ఇంకొక బాధ మన పిల్లలకు బాగా అర్థమవుతుంది. అదే 2021లో ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనలు చేసి సంపాదించుకునే వీలు వచ్చింది. కెంటకీ మ్యాచ్ గెలిచిన కొద్ది రోజుల్లోనే ఈడర్ట్ ఒక చికెన్ హోటళ్ల సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు. మంచిదే. అదే జట్టులో విద్యార్థి వీసా మీద ఆడే విదేశీ కుర్రాడికి మాత్రం ఆ దారి దాదాపు మూసే ఉంటుంది. వారానికి ఇరవై గంటలు క్యాంపస్ పని, అంతే. అదే వీసా మీద లైబ్రరీలో పుస్తకాలు సర్దిన నాకు ఆ సంగతి ఎవరూ వివరించనక్కర్లేదు. అంత కష్టపడి గెలిచిన మ్యాచ్‌ల డబ్బు కూడా నేరుగా కాలేజీకి రాదు. ఆ టోర్నమెంటులో ఆడిన ఒక్కో మ్యాచ్‌కు ఇంతని ఎన్‌సీఏఏ ఇచ్చే వాటా ఆరేళ్ల పాటు కాన్ఫరెన్స్‌కు, అంటే ఆ కాలేజీ ఆడే లీగుకు చేరుతుంది, అక్కడ మిగతా కాలేజీలతో పంచుకోవాలి. అలాంటి కాలేజీ ఏ జీతం చూపించి కోచ్‌ను ఆపగలదు?

మాదేమీ ప్రత్యేక కథ కాదు. 2013లో ఫ్లోరిడా గల్ఫ్ కోస్ట్‌ను 15వ సీడ్‌తో ఆఖరి పదహారు దాకా తెచ్చిన ఆండీ ఎన్‌ఫీల్డ్ వెంటనే సదరన్ కాలిఫోర్నియాకు వెళ్లాడు. 2023లో మాకు దగ్గర్లోని ఫెయిర్లీ డికిన్సన్ 16వ సీడ్‌గా పర్డ్యూను 63-58తో ఓడించింది. దాని కోచ్ టోబిన్ ఆండర్సన్ రోజుల్లోనే అయోనా యూనివర్సిటీకి వెళ్లాడు. రెండేళ్లకే అయోనా ఆయన్ను తొలగించింది. కోచ్ వెళితే ద్రోహం అంటున్నారు సరే, కోచ్‌ను తీసేస్తే దాన్ని ఏమంటారు? హాలోవేకు కూడా సీటన్ హాల్‌లో అన్నీ పూలే కావు. 2024లో ఎన్‌సీఏఏ టోర్నమెంటులో చోటు దక్కని జట్లు ఆడే ఎన్ఐటీ గెలిచాడు, మరుసటి సీజన్‌లో 7 గెలిచి 25 ఓడాడు. కదలకుండా ఉండేవాళ్లూ లేకపోలేదు. మిషిగన్‌లోని ఓక్లాండ్ యూనివర్సిటీకి గ్రెగ్ కాంపే 1984లో కోచ్‌గా వచ్చాడు. అదే కుర్చీలో ఉండి 2024లో కెంటకీని 80-76తో ఓడించాడు. ఆయనంటే నాకు ఎంతో గౌరవం. అయితే ఆయన్ను చూపించి మిగతావాళ్లను తిట్టను.

మా వాళ్లు చేసిన మంచి పని ఏమిటంటే ఖాళీ ఉంచలేదు. కొద్ది రోజుల్లోనే మేసన్‌ను తెచ్చారు. మొదటి ఏడాది ఓటములే ఎక్కువ. 2024లో కాన్ఫరెన్స్ గెలిచి మళ్లీ ఎన్‌సీఏఏ టోర్నమెంటుకు వెళ్లారు. టెనెసీ చేతిలో 83-49తో చిత్తుగా ఓడారు, అయినా వెళ్లారు. అదే వారంలో, గాయాల వల్ల ఏడుగురే మిగిలిన వాగ్నర్ కాలేజీ జట్టు హోవర్డ్ జట్టును ఓడించింది. కోచ్‌లను పోగొట్టుకున్న రెండు చిన్న కాలేజీలూ రెండేళ్లలో నిలబడ్డాయి.

ద్రోహం అనే మాట వాడి తీరాలంటే ఎవరి మీద వాడాలో నాకు 2022 చలికాలంలో తెలిసింది. మేసన్ మొదటి సీజన్‌లో ఒక మ్యాచ్‌కు మా కాలేజీ రన్ బేబీ రన్ అరీనాకు వెళ్లాను. మూడు వేల మందికి పైగా పట్టే హాలు. ఎనిమిది నెలల క్రితం హారన్లు కొట్టిన ఊరు అక్కడ లేదు. బూట్లు నేల మీద కిర్రుమనడం మెట్ల పై వరుస దాకా వినిపిస్తోంది. నాతో రావడానికి మా గదిలో నెల్లూరు కుర్రాడు తప్ప ఎవరూ ఒప్పుకోలేదు. కోర్టులో ఉన్న అయిదుగురిలో ఒక్కరి పేరూ మాకు తెలియదు. తలుపు దగ్గర ఇచ్చిన కాగితం ఒళ్లో పెట్టుకుని, చొక్కా నంబరుకు పేరు చూసుకుంటూ కూర్చున్నాం.

మీ అబ్బాయి కాలేజీలో కొత్త కోచ్ మొదటి మ్యాచ్ నవంబరులో ఉంటుంది. అతన్ని వెళ్లమనండి. వీలైతే మీరూ వెళ్లండి. ఆ కాగితం తీసుకోవడం మరిచిపోకండి, మొదటి పది నిమిషాలూ అది లేకుండా ఏమీ అర్థం కాదు. మాకు విరామం వచ్చేసరికి ఆరుగురి పేర్లు నోటికి వచ్చాయి.