పెయింట్ వేసినా సిగరెట్ వాసన పోవట్లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: నమస్తే అండీ. ఎంవీపీ కాలనీలో మా డాబా మీద పైపోర్షన్ అద్దెకిస్తాం. మొన్నటిదాకా ఉన్నాయన అద్దె టైముకే ఇచ్చేవారు కానీ గదుల్లోనే సిగరెట్లు కాల్చేవారట, ఖాళీ చేశాకే తెలిసింది. రెండు కోట్లు పెయింట్ వేయించి ఇంకొకళ్ళకి ఇచ్చాం, వాళ్ళకి పాకే వయసు పాప ఉంది. తలుపులేస్తే వాసనొస్తోందంటున్నారు, గోడల మీద పసుపు మరకలు మళ్ళీ తేలాయి. పెయింటరేమో ఇంకో కోటు వేస్తే పోతుందంటున్నాడు. పాతాయన అడ్వాన్సులో కొంత మా దగ్గరే ఉంది, అందులోంచి పట్టుకోవచ్చా?

జవాబు: ఇంకో కోటు మాత్రం వేయించకండమ్మా, డబ్బులు దండగ. గోడకి పట్టింది ఉత్త వాసన కాదు, నికోటినూ తారూ కలిసిన జిడ్డు, దాన్ని కడక్కుండా పైన ఎమల్షన్ వేస్తే అందులో ఉన్న నీళ్ళకి జిడ్డు కరిగి పైకి తేలిపోతుంది, మీకు కనిపిస్తున్న మరకలు అవే. మన వైజాగ్‌లో ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, తేమ ఎక్కువైన రోజున వాసన ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ముందు కరెంటు మెయిన్ ఆపేసి, గోరువెచ్చటి నీళ్ళలో సర్ఫ్, కొంచెం వాషింగ్ సోడా కలిపి, చేతులకి గ్లౌజులు వేసుకుని గోడలు కింద నుంచి పైకి తుడిపించండి, సీలింగ్ మర్చిపోవద్దు, పొగ పైకే పోతుంది కాబట్టి ఎక్కువ పట్టేది అక్కడే. తర్వాత మంచినీళ్ళతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. అప్పుడు ఆయిల్ ప్రైమర్, దాని మీద ఎమల్షన్. వాటర్ ప్రైమర్ చాలండీ అంటాడు పెయింటర్, ఒప్పుకోవద్దు. ఫ్యాన్ రెక్కలు, దోమల మెష్, అల్మారాల లోపల, తలుపుల పైఅంచులు, ఇవి ఎవరూ చూడరు, వాసన సగం అక్కడే దాక్కుంటుంది. ఏసీ ఉంటే ఫిల్టర్ ఒక్కటే కాదు లోపల కాయిల్ కూడా వాటర్ సర్వీస్ చేయించండి. పాత కర్టెన్లు, పరుపు ఉంటే తీసేయండి. సాంబ్రాణి, అగరొత్తులు, రూమ్ స్ప్రే వద్దు, అవి పొగ మీద పొగే. బ్లీచింగ్‌లో బాత్రూమ్ యాసిడ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపనివ్వకండి, విషవాయువు వస్తుంది.

పాప గురించే నాకు ఎక్కువ బెంగ. గోడలకి, నేలకి అంటిన నికోటిన్ గాలిలోని నైట్రస్ యాసిడ్‌తో కలిసి క్యాన్సర్ కారకాలుగా మారుతుందని 2010లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు చూపించారు, పాకే పిల్లలు అన్నీ ముట్టుకుని ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు కదా. అలాగని వాళ్ళు ఇంట్లో ఉండగా ఆయిల్ ప్రైమర్ వేయించినా తప్పే, ఆ ఘాటు పసిపిల్లలకి పడదు. పాప వాళ్ళమ్మ పాపతో పుట్టింటికి వెళ్ళే రోజులు చూసుకుని పని పెట్టుకోండి, ఆ రోజులకి అద్దె తీసుకోకపోవడమే న్యాయం అని నా అభిప్రాయం.

ఇక అడ్వాన్సు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెకున్నవాళ్ళు ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి మాత్రం మినహాయింపు. రంగు వెలిసిపోవడం అరుగుదలే, ఆ ఖర్చు మీదే. పొగ మరకలు వేరు అని మీరు వాదించొచ్చు కానీ ఆయన దిగినప్పటి ఫొటోలు, ఇప్పటి ఫొటోలు, కడిగించిన బిల్లు ఉండాలి, ఇవేవీ లేకపోతే ఆయనతో కూర్చుని మాట్లాడుకుని ఎంతో కొంతకి సర్దుకోవడమే మేలు. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదనే 2003 చట్టం ఇంటి లోపలికి వర్తించదు, కాబట్టి ఈసారి 11 నెలల అగ్రిమెంటులోనే రాయించుకోండి: గదుల్లో, బాల్కనీలో పొగ తాగకూడదు, తాగితే కడిగించి పెయింట్ వేయించే ఖర్చు అద్దెకున్నవాళ్ళదే అని.

ప్రశ్న: మధురవాడలో మా ఫ్లాట్ అద్దెకిచ్చాం. కింది ఫ్లాట్ పోపు ఘాటు, సిగరెట్ పొగ బాత్రూమ్ డక్ట్‌లోంచి వచ్చేస్తున్నాయని మావాళ్ళ కంప్లైంట్.

జవాబు: మీవాళ్ళు వంటింట్లో చిమ్నీ వేసినప్పుడు హాలు కిటికీలు మూసి ఉంటాయా అని అడగండి. చిమ్నీ గాలిని బయటికి తోసేస్తుంటే లోపలికి ఎక్కడో అక్కడి నుంచి గాలి రావాలి, కిటికీలు మూసుంటే డక్ట్‌లోంచే లాక్కుంటుంది, పొగ దాంతోపాటే వచ్చేస్తుంది. హాలు కిటికీ ఒకటి తెరిచి పెట్టి, బాత్రూమ్‌లో షట్టర్ ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి, ఆపినప్పుడు దానంతటదే మూసుకుంటుంది. కిందివాళ్ళ చిమ్నీ పైపు డక్ట్‌లోకే వదిలి ఉంటే అసోసియేషన్‌లో చెప్పి దాన్ని టెర్రస్ పైదాకా తీయించాల్సిందే.